రాజాసాబును అడగాల్సిన మాట

తాండూరు నుంచి మనిషి వచ్చి మా అక్క పోయిందని చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి మాట, నోట్లో నీళ్లు పోశారా అని. పోశారట. అయినా నాకు నమ్మకం కుదరలేదు. నాకు ఏదీ ఒక పట్టాన కుదరదు. అది తెలిసి ఓర్చుకున్నది ఆమె ఒక్కతే. అక్క అంటే తోడబుట్టినది కాదు, నా యారాలు, మా బావగారి భార్య. ఏళ్ల తరబడి ఒకే పొయ్యి మీద వండుకున్నాం.

వాన పడితే గోడ కూలుతుందని, పడకపోతే కంది ఎండుతుందని ఏడ్చేదాన్ని. "నీ ఫికరుకు పెండ్లి జేస్తే మస్తు పిల్లల్ని కంటదే" అనేది. ఆ ఎగతాళికే సగం భయం పోయేది. ఇప్పుడు ఏ దిగులు వచ్చినా ఎవరికి చెప్పుకోను?

ఆమెకు మాత్రం ఒక్కటే ధ్యాస. నైజాం కాలంలో మేము బంట్వారం వైపు పల్లెలో ఉండేవాళ్లం. అక్కడి జాగీర్దారును అందరూ రాజాసాబు అనేవారు. ఆయన చుట్టాలతో వేటకు వస్తే ఇంటికొక ఆడమనిషి ఆయన కోటలాంటి గడీకి వెట్టికి పోయి వడ్లు దంచాలి. ఒకసారి అక్క కొడుకు, చంటివాడు, జ్వరంతో ఉన్నాడు. గడీ మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఊరికే నిలబడ్డాడు. పిల్లవాణ్ని మా అత్త ఒళ్లో పెట్టి అక్క పోయింది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి వాడు లేడు.

తర్వాత రాజ్యం పోయింది. రాజాసాబు హైదరాబాదు వెళ్లిపోయాడు. మేము నాపరాయి పనికి తాండూరు చేరాం. అక్క ఆయన్ని శాపనార్థాలు పెట్టగా నేను వినలేదు. "ఒక్కపారి కండ్లవడితే అడుగుత. నేను రానంటే ఏం జేస్తుంటివి సాబ్ అని" అనేది. అంతే.

తెలంగాణ గొడవలు సద్దుమణిగిన తర్వాత ఒకరోజు, చాయ్ హోటల్ ముందు నుంచి వస్తుంటే రేడియోలో రాజమరణం అని వినబడింది. నవ్వకండి, మాకు తెలిసిన రాజు ఆయనొక్కడే. ఇంటికి ఉరికాను. అక్క కందులు చెరుగుతోంది. చెప్పగానే చాట కింద పెట్టింది.

"పోయిండా? ఇగ నేనెవర్ని అడగాలెనే?"

ఆ పూట అన్నం ముట్టలేదు. పొద్దుగూకాక మా ఆయన పని నుంచి వచ్చి, సంగతి విని పడిపడి నవ్వాడు. అది మరణం కాదు, భరణమట. పాత రాజులకు సర్కారు ఇచ్చే పైసలు బందు చేస్తున్నారట. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బతికే ఉన్నడా? అయితే బువ్వ పెట్టు."

అప్పటినుంచి నా పేరు రేడియో అయింది.

కొన్నేళ్లకు హైదరాబాదులో పెళ్లికి పోయినప్పుడు అక్క రాజాసాబు ఇల్లు ఎక్కడుందో అడిగి తెలుసుకుంది. నన్నూ వెంటబెట్టుకుని పోయింది. గేటు దగ్గర కావలివాడు కూడా లేడు. వరండాలో మాసిన శాలువా కప్పుకుని రాజాసాబు కూర్చుని ఉన్నాడు. ఎవరమ్మా అన్నాడు. అక్క ఆయన్నే చూసింది. దారిన పోతూ దూప అయితే ఆగామని చెప్పింది. ఆయనే లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చాడు. తాగి వచ్చేశాం.

రైలెక్కాక, అడగలేదేమక్కా అన్నాను.

"'నువ్వు రానంటే నేనేం జేస్తుంటినమ్మా, ఊకుంటుంటి' అని సాబ్ అంటే? అప్పుడు నేనెట్ల బతకాలె చెల్లె?"

 

అప్పటికి మా ఆయన పోయి నేను వికారాబాదులో బిడ్డ దగ్గరే ఉంటున్నాను కాబట్టి ముందు దిగాను. జాగ్రత్తలు చెబుదామని కిటికీ దగ్గరికి పోయాను. పక్కన కూర్చున్న తల్లి ఎవరో కునికిపాట్లు పడుతూ తన చంటిపిల్లను అక్క ఒళ్లో పడుకోబెట్టింది. ఇంజను కూత పెట్టింది. పిల్ల ఉలిక్కిపడకుండా అక్క రెండు అరచేతులతో దాని చెవులు మూసి, అలాగే దాని మీదికి వంగి, తాండూరు వైపు వెళ్లిపోయింది.