అడ్డుపెట్టిన అరచెయ్యి

ఒక ఆదివారం గార్డెన్ రీచ్ నుంచి భవానీపూర్‌లోని చర్చికి బస్సులో వెళ్తున్నాను. తెలుగు బైబిలు పట్టుకున్న ఒక ముసలామె నా సీటు పక్కనే వచ్చి నిలబడింది. లేవాల్సి వస్తుందని నిద్ర నటించాను. ఇంతలో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నా తల ముందు సీటు కడ్డీకి కొట్టుకోబోతుంటే ఆమె అరచెయ్యి అడ్డుపెట్టింది. ఆమె వేళ్లు నలిగాయి.

సిగ్గుతో లేచి సీటిచ్చాను. "నేను నిద్రపోలేదమ్మా," అన్నాను.

"తెల్సు నాయినా. నిద్దరోయినోడు కళ్లంత గట్టిగా మూసుకోడు."

"మరి చెయ్యెందుకు పెట్టారు?"

"దెబ్బ తగిల్తే నొప్పెట్టదేటి?" అంటూ వేళ్లు రుద్దుకుంది.

పాపం ఒప్పుకున్నాకే కృప దొరుకుతుందని అనుకునేవాణ్ణి. ఆ రోజు చర్చిలో అందరూ ఒప్పుకోలు ప్రార్థన చెబుతుంటే నాకు ఆమె నలిగిన వేళ్లే గుర్తొచ్చాయి. నేను ఒప్పుకోకముందే ఆమె చెయ్యి పెట్టేసింది.