నడకకో మాట

ఆ పొద్దున వీరభద్రం డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దాడు. కుక్కర్ మూత ఎక్కడ పెట్టాలో తెలియక ఎప్పటిలాగే స్టవ్ మీదే వదిలేశాడు. "అన్నయ్యా, రోడ్ల మీద ఐస్ ఉంది. మెల్లగా డ్రైవ్ చేయి" అంది గిరిజ. మధ్యాహ్నం ఆఫీసులో అతని గుండె ఆగిపోయింది. యాభై రెండేళ్లు.

పెళ్లి చేసుకోలేదు. అమెరికాలో, నోవై అనే ఊళ్లో చెల్లెలి ఇంట్లోనే ఉండేవాడు. బేస్‌మెంట్ గది తనే కోరుకున్నాడు. కార్ల సీట్లు పరీక్షించే ఉద్యోగం. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. సొంతూళ్లో పిల్లలు పేరుకు ముందు 'కుంటి' తగిలిస్తే గిరిజ రాళ్లు పుచ్చుకుని వెంటపడేది. అప్పటినుంచీ ఆమె ఉన్నచోట ఆ మాట వినపడకూడదు. ఆ కాలి ఊసే రాకూడదు. కొడుకు సృజన్ చిన్నప్పుడు "మామయ్య లెగ్‌కి ఏమైంది?" అని అడిగితే కళ్లురిమింది.

చలికాలం షాపులు తెరవకముందే వీరభద్రం మాల్‌లో నడిచి ఆఫీస్‌కి వెళ్లేవాడు. అక్కడ మొరాగ్ అనే స్కాట్లండ్ ముసలావిడ పరిచయమైంది. తుంటి విరిగిన ఆమెదీ అదే నడక. ఒక సాయంత్రం అతను హుషారుగా ఇంటికొచ్చాడు.

"గిరిజా, మొరాగ్ వాళ్ల పాత భాషలో నాలాంటివాణ్ణి లేమిటర్ అనేవాళ్లట. నడకకైతే హిర్పుల్, హిల్చ్, ఎన్ని మాటలో. హిర్పుల్ అంటే కాలీడ్చుకుంటూ పోవడం. అచ్చం నేనే కదూ?"

"ఎందుకన్నయ్యా ఇప్పుడవన్నీ? రైస్ పెట్టనా?"

"తిట్టు కాదే. మొరాగ్ ఏమందంటే..."

"నాకొద్దు. పెరుగు వేసుకో."

వేసుకున్నాడు. కంచం కడిగి కిందికి దిగిపోయాడు. మెట్లమీద ఆ అడుగుల చప్పుడు వినలేక గిరిజ కుళాయి తిప్పింది. మళ్లీ ఎన్నడూ అతను ఆ సంగతి ఎత్తలేదు.

కర్మలయ్యాక గిరిజ మాల్‌కి వెళ్లింది, ఆ రోజు తను వినని మిగతా మాటలేవో విందామని. మొరాగ్ ఆమెను బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"నన్ను ముసలి లేమిటర్ అని పిలిచేవాడు మీ అన్న. ఇంకెవరైనా అని ఉంటే ఈ కర్రతో ఒకటిచ్చేదాన్ని" అని నవ్వింది. తర్వాత బెంచీ వెనకున్న హీటర్ చూపించింది. నడక అయ్యాక వీరభద్రం రోజూ అక్కడే బూటు విప్పి, పాదం దానికి ఆనించి కూర్చునేవాడట. ఆ కాలికి రక్తం సరిగా అందదట. జూలైలో కూడా చల్లగానే ఉండేదట.