ఒకడి జ్వరానికి ఇద్దరికీ మందు

ఇవాళ పొద్దున గుంటూరు ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు తెర మీద రెండు మెదళ్ళ బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఇది మీ అన్నగారిది, ఇది మీది అని చూపిస్తుంటే నాకు ఒళ్ళు మండింది. మేం కవలలం. అన్న అనడమే గాని, నాకంటే కాస్త ముందు బయటపడ్డవాడు, అంతే. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ మాటా పడిపోయాయి వాడికి. స్కానింగు మాత్రం నాకూ తీశారు. ఒకే పోలిక, ఒకే రక్తం కాబట్టి నేనూ చూపించుకోవడం మంచిదట. ఇంత వయసొచ్చినా మా అమ్మ పద్ధతి నన్ను వదల్లేదు గదా అని విసుక్కుంటూనే వెళ్ళి ఆ యంత్రంలో పడుకున్నాను.

మా అమ్మ పద్ధతి ఏమిటో ఈ కాలం పిల్లలకు చెబితే నవ్వుతారు గాని మన ఈడువాళ్ళకు తెలిసే ఉంటుంది. మార్టూరు పక్కన మా పల్లెలో కవలల్లో ఒకడికి జ్వరం వస్తే ఇద్దరికీ మందు పోసేవాళ్ళు, ఒకడికే పోస్తే జ్వరం రెండోవాడి మీదికి దూకుతుందని. అన్నకు కడుపునొప్పి వస్తే నాకూ ఆముదం. అన్నకు పథ్యమైతే నాకూ పథ్యం. ఇంట్లో కొత్తావకాయ కలిపిన రోజున, ఎద్దులాగా ఉన్న నేను, వాడి జ్వరానికి చారన్నం తింటూ కూర్చోవలసి వచ్చింది. ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదంటే నమ్మండి.

మిరపకాయల సంగతి ఇంకా ఘోరం. కోతలయ్యాక కల్లంలో కాయలు ఆరబోసి, రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్ళం గదా, నాకు ఆ ఘాటు బొత్తిగా పడేది కాదు, కళ్ళూ ముక్కూ ఏకధారగా కారి, తుమ్మలేక చచ్చేవాణ్ణి. అన్న మాత్రం ఆ కుప్పల పక్కనే తువ్వాలు పరుచుకుని గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఒక్క కడుపున ఒక్కసారి పుట్టినవాళ్ళు, వాడికి లేని తుమ్ములు నీకెక్కణ్ణించి వచ్చాయిరా, పనిదొంగ వేషాలు కాకపోతే, అని నాన్న నన్ను మళ్ళీ ఆ కుప్ప ముందే కూర్చోబెట్టేవాడు. బళ్ళో పంతులుగారిదీ అదే వరస. నాది ఎడమచేతి వాటం, అన్నది కుడి. అన్న కుడిచేత్తో రాస్తున్నాడు కాబట్టి నాదీ కుడిచెయ్యే అయ్యుండాలని, పొగరుకొద్దీ ఎడమచేత్తో రాస్తున్నానని ఆయన తీర్మానించి, నా ఎడమచేతి కణుపుల మీద బెత్తం ఆడించేవారు. ఆదివారం బళ్ళో నేను కష్టపడి వాక్యం కంఠతా పట్టి గడగడా అప్పజెబితే, ఒకడు చెబితే ఇద్దరూ చెప్పినట్టేనని పాస్టరుగారు మెచ్చుకుని, పెద్దవాడు గదా అని బహుమానం తీసుకెళ్ళి అన్న చేతిలో పెట్టారు. వాడికి ఆ వాక్యంలో మొదటి మాట కూడా రాదు!

వాడికి ఇవేవీ పట్టేవి కావు. నా పేరుతో పిలిచినా పలికేవాడు, ఎవరైతే ఏంలే అనేవాడు. నేనేమో ఆ ఉక్రోషంతోనే చదివి చీరాలలో లెక్కల మాస్టారినయ్యాను, వాడు మీసం తీస్తే నేను పెంచాను, వాడు పెంచితే నేను తీశాను. అయినా సెలవులకు ఊరెళితే, దారిలో ఎవరో ఒకరు నన్నాపి పత్తికి పురుగుమందు ఎప్పుడు కొడుతున్నావని అడగనే అడిగేవారు.

అందుకే ఆ డాక్టరు, ఒకే అండంనుంచి వచ్చినా మెదడు మీద ముడతలు ఎవరివి వాళ్ళవేననీ, పెరిగేకొద్దీ ఎవరి దారి వాళ్ళదేననీ అంటే, ఇంకోసారి చెప్పండి బాబూ, మా వదినకు వినబడేటట్టు, అన్నాను. పుట్టినప్పటినుంచీ నేను మొత్తుకుంటున్న మాటకు ఇన్నాళ్ళకు ఒక సాక్ష్యం దొరికింది. దొరికి ఏం లాభం? వదిన అటు తిరిగి కూడా చూడలేదు. ఆవిడ దృష్టంతా అన్న ముక్కులోని గొట్టం మీద ఉంది.

వాడికి మింగుడు పడదు, ఆ గొట్టంలోనుంచే ఆహారం. మంచిగా ఉన్న ఎడమచేత్తో వాడు దాన్ని పీకేస్తుంటే, నర్సులు ఆ చేతిని గుడ్డతో మంచానికి కట్టేశారు. కావాలా అన్నా, వద్దా అన్నా ఒకే తీరున తలాడిస్తాడు. ఇక కోలుకోవడం కష్టమనీ, గొట్టం ఉంచాలో, తీసేసి ఇంటికి తీసుకెళతారో రేపు చెప్పమనీ డాక్టరు అన్నాడు. అన్న పిల్లలు తల్లి ముఖం చూశారు. వదిన నా ముఖం చూసింది.

"మీరిద్దరూ ఒకటే గదా మరిదిగారూ. ఈయన మనసులో ఏముందో మీకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తది? మీరేం చెబితే అదే చేస్తాం."

ఆ మాటకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ మంచం మీద నేనుంటే గొట్టం పీకెయ్యమనే అంటాను, అందులో సందేహం లేదు. కానీ పడుకున్నది నేను కాదే! నేను ఓర్చుకోలేనివి వాడు నవ్వుతూ ఓర్చుకోవడం చిన్నప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి. పీకుతున్నది చాలిక అనా, లేక దురదపుట్టా? వాడికి ఇంకా బతకాలని ఉందేమో. నా ఇష్టాన్ని వాడి ఇష్టమని ఎట్లా చెప్పేది?

"నాకు తెలియదు వదినా," అన్నాను. తెలిసీ దాస్తున్నాననుకుందో ఏమో, ఆవిడ అన్న దుప్పటి సర్దడంలో పడింది.

అమ్మా నాన్నా పోయారు, పంతులుగారూ పాస్టరుగారూ పోయారు. మీరిద్దరూ ఒకటేరా అని నన్ను వేపుకుతిన్న వాళ్ళెవరూ ఇప్పుడు లేరు, పోట్లాడదామన్నా మనిషి దొరకడు. ఇన్నేళ్ళూ ఆ మాట అబద్ధమని రుజువు చెయ్యడానికే బతికాను. ఇప్పుడు వాడి మంచం పక్కన కూర్చుని, కట్టు విప్పిన ఆ ఎడమచేతిని నా చేతిలో పట్టుకుని, ఆ మాట ఈ ఒక్క పూటకైనా నిజం కాకూడదా అని ఏడుస్తున్నాను.