చాచా, నేను, దేవుడి మహిమ

"మా అబ్బా పోయిండన్నా," అని శుక్రవారం పొద్దున చాచా కొడుకు జగిత్యాల నుంచి ఫోన్ చేశాడు.

చాచా నాకు చుట్టం కాదు. కతార్‌లో చమురు డబ్బుతో కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో, మెసయీద్ క్యాంపులో మా మంచాలు పక్కపక్కన ఉండేవి. ఆయన వెల్డర్, నేను పైప్ ఫిట్టర్‌ని. డ్యూటీ నుంచి రాగానే గదిలో అందరికీ చాయ్ పోసి, ఆ తర్వాతే బూట్లు విప్పేవాడు. ఏ పూటా నమాజు తప్పేవాడు కాదు. దేవుడి గురించి నాతో వాదించడం ఆయనకు ఇష్టం.

"దేవుడు లోకాన్ని చేసి వదిలేసిండు చాచా. మళ్ల అండ్ల వేలు పెట్టడు," అనేవాణ్ణి.

"వేలు పెట్టనోనికి నేను రోజు ఎందుకు మొక్కాలె బేటా?" అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం సైటులో పరంజా కూలి ఇద్దరు పడ్డారు. ఒకడు ఇసుక కుప్ప మీద పడి లేచి నడిచాడు. రెండోవాడు లేవలేదు. ఆ సాయంత్రం క్యాంపంతా బతికినవాడి చుట్టూ చేరింది. అంతా దేవుడి మహిమ అంటూ మిఠాయి పంచారు. చాచా ముట్టుకోలేదు. చనిపోయినవాడి తమ్ముడు ఉన్న గదికి వెళ్లి, వాడి పక్కన ఊరికే కూర్చున్నాడు.

"నువ్వు మహిమలను నమ్ముతవు గదా?" అని తర్వాత అడిగాను.

"నమ్ముత. కానీ ఈన్ని దేవుడే బతికిచ్చిండంటే, మా అన్ననెందుకు ఇడిసిపెట్టిండని ఆ తమ్ముడు అడుగుతడు. నేనేం చెప్పాలె?"

ఆ ఎండాకాలమే నా బిడ్డకు జ్వరం ముదిరిందని టెలిగ్రాం వచ్చింది. కంపెనీ సెలవివ్వలేదు. అన్నాళ్లు వాదించిన నేనే మంచం మీద కూర్చుని, ఒక్క మహిమ చూపించమని దేవుణ్ణి బతిమాలాను. చాచా ఎత్తిపొడవలేదు. పక్కన చాప పరిచి నా బిడ్డ కోసం తానూ అడిగాడు. రెండో టెలిగ్రాం వచ్చేసరికి ఊళ్లో పాపను మట్టిలో పెట్టేశారు.

వచ్చినవాళ్లంతా ఏదో ఒక కారణం చెప్పి ఓదార్చారు. దేవుడు పిలుచుకున్నాడన్నారు, రాత అన్నారు. చాచా మాత్రం, "నేను గూడ అడిగిన బేటా. ఇయ్యలే. ఎందుకియ్యలేదో నాకెరుక లేదు," అన్నాడు. ఆ వారమంతా నా బట్టలు ఉతికాడు. నా ముందు కంచం పెట్టి, నేను తినేదాకా కదలలేదు.

పోయిన నెల ఆయన్ని చూడడానికి వెళ్లాను. పక్షవాతంతో కుడివైపు చచ్చుబడింది. మాట ముద్దగా వస్తోంది. కాసేపటికి ఆయన రెండు అరచేతులూ తెరిచి దేవుణ్ణి అడిగే దువా కోసం ఎడమచేయి పైకెత్తి, లేవని కుడిచేతి వంక చూశాడు. నేను మంచం అంచున కూర్చుని ఆ చేతిని ఎత్తి, రెండోదాని పక్కన చేర్చాను. ఏం అడిగాడో నాకు తెలియదు. కళ్లు మూసుకుని ఆయన పెదాలు కదుపుతున్నంతసేపూ, బరువైన ఆ అరచేతిని తెరిచి పట్టుకున్నాను.