సాయిలు పెద్దయ్య పెట్టిన నీళ్లు

మూడు మాటలను పాతికేళ్లుగా మోస్తున్నాను. వాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అయినా నా బతుకులో నేను చేసిన పాపం అదే.

ఏ మనిషికీ చెప్పలేకపోయాను. మా ఆయన పోయేదాకా ఆయనకూ తెలియదు. యాభై దాటాక, మూసాపేటలో మధ్యాహ్నాల పూట ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతుంటే పోయి కూర్చున్నాను. కాగితానికి ఒక మంచి గుణం ఉందని అప్పుడే తెలిసింది. అది మన మొహంలోకి చూడదు. అందుకే మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదీ మంచిదే.

మాదాపూర్‌లో ఆ గుండ్రటి పెద్ద మేడ లేచిన మరుసటి ఏడు, ఎండాకాలం. చుట్టూ ఇంకా బండరాళ్లే ఎక్కువ. ఆ రాళ్ల మధ్య కర్నూలు నుంచి వచ్చిన ఒక కుటుంబం బంగళా కట్టుకుంది. స్థలాలు కొని అమ్మే వ్యాపారం వాళ్లది. నేను ఆ ఇంట్లో అంట్లు తోమి, నేల తుడిచేదాన్ని. ఇంటి ముందు పచ్చగడ్డి. లాన్ అనేవాళ్లు. నేను పాలమూరు నుంచి వచ్చినదాన్ని. ఏ పశువూ మెయ్యని గడ్డిని మనుషులు సాకడం అక్కడే మొదటిసారి చూశాను.

దాన్ని సాకేది సాయిలు పెద్దయ్య. నార్సింగి మనిషి. కౌలుకు కూరగాయలు పండించే పొలం ప్లాట్లయిపోతే మాలీ పనికి వచ్చాడు. నాకు చుట్టం కాదు. వయసును బట్టి పెద్దయ్య అనేదాన్ని. ఆ ఇంట్లో నాకు పని ఇప్పించింది ఆయనే. బంగళా వెనక మాలీకి ఒక గది ఇచ్చారు. పైన స్లాబు, ఒక కిటికీ, బయట నల్లా. నా తప్పు ఆ గదిలోనే మొదలైంది.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ తెల్లవారుజాములే కనిపిస్తాయి. వెలుతురుకు ఇంకా రంగు వచ్చేది కాదు. పెద్దయ్య పైపును గడ్డిలో పడేసి, సన్నటి ధారతో ఒక్కోచోట చాలాసేపు వదిలేవాడు. చప్పుడుండేది కాదు. నేల తాగుతున్నట్టు, ఇల్లూ రాళ్లూ నేనూ అందరం ఆ తాగడాన్ని వింటున్నట్టు ఉండేది. తర్వాత ఒక పుల్ల నేలలో గుచ్చి తీసి చూపించేవాడు. బెత్తెడు తడి. ఇక రెండు రోజులు నీళ్ల మాటే లేదు.

"రోజు మీదమీద తడిపితే వేర్లు పైకొస్తయి బిడ్డా. ఎండకు మాడిపోతయి. జర దూప కానీయ్యాలె. దూపైతేనే వేరు నీళ్లను దేవులాడుకుంట కిందికి పోతది" అనేవాడు.

దానికి దూప, అంటే దాహం, ఎప్పుడైందో ఎట్లా తెలుస్తుందని అడిగాను. చెప్పులు విప్పి గడ్డి మీద నాలుగడుగులు వేశాడు. తొక్కిన గడ్డి మెల్లగా లేచి నిలబడితే ఇంకా దూప లేనట్టు. అడుగు అట్లాగే పడి ఉంటే నీళ్లు పెట్టాలి. ఎండాకాలం పొట్టిగా కోసేవాడు కాదు. "ఎండల గుండు చేస్తవా ఎవలకన్న? గడ్డికి గూడ నెత్తి మాడుతది" అని నవ్వేవాడు.

ఇంటామె ఎనిమిదింటికి లేచేది. అప్పటికి పైన తడి ఉండేది కాదు. గడ్డి పొడుగ్గా, దుమ్ముగా కనిపించేది. పక్క బంగళాలో మిట్టమధ్యాహ్నం నీళ్లు చిమ్మేవాళ్లు. అది అద్దంలా మెరిసేది. ఆమెకు అనుమానం పుట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా రేకుల గుడిసె ఖాళీ చెయ్యమన్నారు. మేడ పనికి వచ్చిన కూలీలకు వేసిన గుడిసెలవి. మేడ అయిపోయింది. మా చిన్నపిల్లకు రేకు వేడికి ఒళ్లంతా చెమటకాయలు, రాత్రీపగలూ ఏడుపు. నేను అంట్లు తోముతూ ఆ స్లాబు గది వైపు చూసేదాన్ని. కిటికీ కింద మంచం ఎట్లా వేయాలో, పిల్లలిద్దరినీ ఏ పక్క పడుకోబెట్టాలో అనుకునేదాన్ని. కలగనడం తప్పా? కాదేమో. కానీ ఆ కలలో పెద్దయ్య ఉండేవాడు కాదు. ఎక్కడికి పోయాడని ఒక్కసారీ అడగలేదు నేను.

ఒక పొద్దున వరండా తుడుస్తుంటే ఆమె వచ్చి నిలబడింది.

"ఏమే, పొద్దున్నే వచ్చేదానివి నువ్వే గదా. ఆయప్ప రోజూ నీళ్లు పెడతాండాడా లేదా? నిజం చెప్పు."

"లేదమ్మా. రోజూ పెడ్తలేడు."

ఆమె వెంటనే పోలేదు. కాసేపు ఆగింది. ఇంకేమైనా చెబుతానేమోనని ఆగిందా? నా చేతిలో పిండిన గుడ్డ ఉంది. దాని నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. ఒకటి, ఇంకొకటి. తర్వాత పడటం ఆగిపోయింది. ఆమె లోపలికి పోయింది.

భయపడ్డానా? అడిగినదానికే జవాబిచ్చానా? చాలా ఏళ్లు అట్లాగే చెప్పుకున్నాను. కానీ భయపడినవాళ్లు నోరు జారతారు. నేను జారలేదు. మూడే మాటలు చెప్పి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాను.

మర్నాడు పెద్దయ్య మూట కట్టుకున్నాడు. పార భుజాన వేసుకుని నా దగ్గర ఆగాడు.

"అమ్మకు ఎవలు చెప్పిన్రో ఏమో. నువ్వున్నవా బిడ్డా అప్పుడు?"

"లేను పెద్దయ్యా."

ఇది మాత్రం అచ్చమైన అబద్ధం.

ఆయన నా వైపు చూశాడు. ఎంతసేపో చెప్పలేను. "సరె తియ్. ఇయ్యాల మూడో దినం. నీళ్లు పెట్టు, మర్వకు" అన్నాడు.

పక్కన బాట ఉన్నా గడ్డి మీది నుంచే నడిచాడు, చెప్పులు చేతిలో పట్టుకుని. గేటు దాకా అడుగులు పడ్డాయి. గేటు మూసుకుంది. నేను అక్కడే నిలబడి చూశాను. ఒక్క అడుగూ లేవలేదు. పొద్దెక్కుతున్నా లేవలేదు. పైపు తెచ్చి గడ్డిలో పడేశాను. కొంతసేపటికి ఒక్కొక్కటే లేవడం మొదలైంది. నా కళ్ల ముందే ఆయన పోయిన దారి లేకుండా పోయింది.

గది నాకిచ్చారు. గడ్డి పని కూడా. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పక్క బంగళా గడ్డి చాపలా ఎండింది. మాది పచ్చగా నిలిచింది. నేను మూడు రోజులకోసారే పెట్టేదాన్ని, చీకటితో లేచి, బెత్తెడు తడిసేదాకా. ఇంకో పని కూడా చేసేదాన్ని. ఎనిమిదింటికి ఆమె లేచే వేళకు చెంబుతో వరండా ముందర నాలుగు చిలకరింపులు. ఆమె చూడటానికి.

"చూడు, నువ్వు రోజూ పెట్టబట్టే గదా ఇంత పచ్చగా ఉండేది!" అనేది ఆమె. నేను నవ్వేదాన్ని. ఆ నవ్వు కూడా ఇక్కడ రాయాలి.

ఆరేళ్లున్నాం ఆ గదిలో. పిల్లలు అక్కడే పెద్దయ్యారు. చిన్నదాని ఒళ్లు చల్లబడింది. ఆ సుఖం నిజం. దాన్ని వద్దనుకున్నానని ఇప్పుడు రాస్తే ఇంకో అబద్ధమవుతుంది.

ఒకసారి నార్సింగి పోయాను. అడిగి అడిగి ఇల్లు కనుక్కున్నాను. పెద్దయ్య గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందర రెండు డబ్బాల్లో కొత్తిమీర. వేలితో మట్టి తడి చూస్తున్నాడు. నేను వీధి మలుపు నుంచి చూసి వెనక్కి తిరిగాను. ఆ తర్వాత ఆయన పోయాడని విన్నాను. ఆయన చూపుకు అర్థం ఏమిటో అడిగే దారి లేదిప్పుడు. తెలిసే అడిగాడా? తెలిసే నీళ్లు పెట్టమన్నాడా?

క్షమించే మనిషి లేడు. ఉన్నా అడిగేదాన్నో లేదో నాకే తెలియదు. ఆ రోజు ఆమె ఆగి నిలబడినప్పుడు చెప్పాల్సిన మిగతా సగం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అది రాయడానికే ఇన్ని అక్షరాలు నేర్చుకున్నట్టుంది.

రోజూ పెడ్తలేడమ్మా. మూడు దినాలకోసారి, మీరు లేవకముందే, వేరు తడిసేదాక పెడ్తడు.

ఇంతే. చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఈ పొద్దు దాన్ని వదిలాను.