ఏడుకే ఆగే లెక్క

ఆ రికార్డంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు. మా అన్నయ్యకి అదే ప్రాణం. ఓడలో పనిచేసే స్నేహితుడెవరో తెచ్చిచ్చాడట. బ్రిటన్‌లో ఏదో బ్యాండు జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేసింది. జాజ్, రాక్ సంగీతాలు రెండూ కలిపేసిన వాయింపు. పాట లేదు, మాట లేదు. గిటారు ఒక దారినా డ్రమ్ములు ఇంకో దారినా పోతుంటాయి, మధ్యలో జనం ఈలలు. అట్ట ఎప్పుడో చెదలు తినేసింది. రికార్డు మాత్రం నలభై ఏళ్ళుగా నా ప్రాణం తింటూనే ఉంది.

అన్నయ్య ఇక్కడ బర్మాలో, ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. శనివారం సాయంత్రం ఒక హోటల్లో, ఆదివారం పొద్దున మా తెలుగు చర్చిలో డ్రమ్ములు వాయించేవాడు. చర్చి పాటలన్నీ మూడు దెబ్బలకో నాలుగు దెబ్బలకో సరిపోతాయి. ఈ రికార్డు రెండో వైపు మొదటిది మాత్రం ఏడు దెబ్బల లెక్క. అది చేతికి పట్టుబడేదాకా బిస్కట్ డబ్బాల మీద కొట్టుకుంటూ, నన్ను పక్కన కూచోబెట్టి లెక్కపెట్టించేవాడు. మా ఇంట్లో సగం మాటలు బర్మా భాషలోకి మారిపోయినా, లెక్కా ప్రార్థనా తెలుగులోనే ఉండేవి. "ఏడు కాడ ఆగిపోకే గుంటా, మళ్ళీ ఒకటికెళ్ళు," అనేవాడు. ఈలోగా పొయ్యి మీద అన్నం మాడిపోయేది. అమ్మ చేత చీవాట్లు నాకు.

కిందటేడు వానల్లో అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. నా భర్త పోయినప్పటినుంచీ నేనూ అన్నయ్య దగ్గరే ఉంటున్నాను. కాబట్టి చేసేదాన్ని నేనొక్కదాన్నే. పొద్దున్నే లేపాలి, కడగాలి, గంజి తాగించాలి. పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, రైలెక్కి పబేడాన్ బజారుకి వెళ్ళి, బట్టల కొట్టునుంచి కుట్టుపని తెచ్చుకోవాలి. ఆర్నెల్లలో మాట వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. నేను రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

వారానికోసారి ఆస్పత్రినుంచి ఒక బర్మా అమ్మాయి వచ్చేది, మాట నేర్పడానికి. మంచి పిల్ల. గొడుగు, పిల్లి, అరటిపండు బొమ్మలు ఒక్కొక్కటే చూపించి, "ఊలే, ఇది ఏమిటి?" అని తన భాషలో అడిగేది. ఇక్కడ పెద్దాయనని ఊలే అనే పిలుస్తారు. అన్నయ్య మొహం గోడవైపు తిప్పేసుకునేవాడు. ఆ అమ్మాయి వెళ్ళాక రోజూ గంటసేపు నేనూ అదే భాషలో అవే బొమ్మలు చూపించి అడిగాను. తెలుగులో అడగొచ్చని నా మట్టిబుర్రకి తట్టనే లేదు. ఆస్పత్రి, బడి, ఆఫీసు పనంటే బర్మా భాషేనని మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం కరెంటొచ్చింది. మాకు రోజుకి కొన్ని గంటలే వస్తుంది. నేను ఇస్త్రీ పెట్టె కోసం లేస్తుంటే అన్నయ్య ఎడం చేత్తో రికార్డు ప్లేయరు చూపించాడు. విసుక్కుంటూనే రెండో వైపు పెట్టాను. మంచం పక్కన కూచుని అంచులు కుడుతూ, పాత అలవాటు కొద్దీ పైకే లెక్కపెడుతున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఏడు తర్వాత ఎనిమిది అనేశాను.

"తప్పు."

రికార్డులో జనమేమో అనుకున్నాను. తల తిప్పి చూస్తే అన్నయ్య నోరు ఒక పక్కకి వంకరపోయి ఉంది.

"తప్పు," అన్నాడు మళ్ళీ.

సంతోషపడాలి కదా. నాకు ఒళ్ళు మండింది. ఐదు నెలలు ఒంటి చేత్తో ఎత్తి దించినదాన్ని, నోరు తెరిచి మొదట అనే మాట ఇదా అని ఏడుపొచ్చింది. "ఏటన్నావ్? నానేటి తప్పు చేసేనన్నయ్యా?" అని అడిగాను. మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

ఆస్పత్రి అమ్మాయికి చెబితే, "ఇంట్లో ఇంకో భాష ఉందని నాకు ముందే చెప్పొద్దా ఆంటీ," అని నొచ్చుకుంది. ఆ రోజునుంచీ తెలుగులో అడిగాను. "ఇదేటన్నయ్యా? పిల్లి." లాభం లేదు. "పోనీ, చెల్లీ అను." అదీ లేదు. చివరికి ఆ రోజు తప్పన్నది నా ఎనిమిదినని తట్టి, కరెంటొచ్చినప్పుడల్లా రికార్డు పెట్టి, కావాలనే ఎనిమిది అనేదాన్ని. తప్పు అనేవాడు. ఆ ఒక్క మాటే. ఆరో నెల కూడా దాటిపోయింది.

పోయిన వారం పబేడాన్‌నుంచి వస్తుంటే రైలు సగం దారిలో ఆగిపోయింది. మూట నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచొచ్చాను. ఒళ్ళు హూనమైపోయింది. ఇంటికి చేరేసరికే కరెంటొచ్చింది, వీధిలో పిల్లలు కేకలు పెడుతున్నారు. అన్నయ్య ప్లేయరు వైపు చెయ్యి చాపాడు. నేను లేవలేదు. మంచానికి వీపు ఆనించి నేలమీదే కూలబడ్డాను.

"నా వల్ల కాదన్నయ్యా. ఇంక నీతో లెక్కెట్టనేను," అన్నాను. నిజంగానే అన్నాను.

తర్వాత నా తల వెనక మంచం పట్టెమీద వేలితో కొట్టాడు.

"ఒకటి," అన్నాడు.

నేను కదల్లేదు. కదిలితే ఆగిపోతాడేమోనని భయం. రెండు. మూడు, నాలుగు ముద్దముద్దగా వచ్చాయి. ఐదుకి ఆయాసపడ్డాడు. ఆరు. ఏడు. మళ్ళీ ఒకటి అంటాడని చూస్తున్నాను.

"ఎనిమిది," అన్నాడు.

వెనక్కి తిరిగాను. నా మొహంలోకే చూస్తున్నాడు. కళ్ళలో చిన్నప్పటి కొంటెతనం. నేను అనేదాకా ఊరుకునేలా లేడు.

"తప్పన్నయ్యా," అన్నాను.