సేనలో న, సేవలో వ

"సేవ కాదు పాపా, సేన! న! నక్కకు రాస్తామే, ఆ న!"

తడిపిన బొరుగులు పిండుతూనే వంటింట్లోంచి అరిచాడు ఏసన్న. గడప దగ్గర కూర్చున్న మంజుల పెన్ను ఆపి, ఆయన ముఖంలోకి చూసింది.

ఆదోనిలో ఇంటి ముందరే కుట్టుమిషన్ పెట్టుకుని బతికే మంజులకు ఈమధ్య చర్చివాళ్లు ఒక పని అప్పగించారు. మందిరం కట్టి నూరేళ్లవుతోంది. గోడలోని పేర్ల రాయి బీటలిచ్చింది. కొత్తది ఎమ్మిగనూరులో రాళ్లు చెక్కే దేవేంద్రప్ప చేస్తున్నాడు. పాత పేర్లన్నీ సరిచూసి, సాయంత్రంలోగా ఆయనకు కాగితం అందించాలి. ఉలి పడ్డాక దిద్దడానికి వీల్లేదని దేవేంద్రప్ప ముందే చెప్పాడు. పాత రాయి మీద ఆఖరి వరుస ఇది: "లంక దేశమున శాంతి సేవ చేసినవారు, ఏసన్న."

"అంటే సువార్త చెప్పేదానికి పోలేదా చిన్నాయనా నువ్వు?"

"సువార్తా! నేను మిలిటరీలో వంటోణ్ని. ఎనభై ఏడులో మన సైన్యం లంకకు పోయిందా, దానికి శాంతి సేన అని పేరు పెట్టినారు. పేరే శాంతి. ఆడికి పోయినాక సూస్తే యుద్ధం."

ఆ సంగతి ఏసన్న అప్పుడే ఇంటికి జాబు రాశాడు. ఆయన చేతిరాతలో నకూ వకూ పెద్ద తేడా ఉండదు. ఆయన తల్లి సువార్తమ్మకు చదువు రాదు. అప్పటి పాస్టరయ్య జాబు చదివి, "మన ఏసన్నను శాంతి సేవకు పంపుతున్నారమ్మా" అన్నాడు. కొడుకు వంటవాడు కదా, లంకలో ప్రార్థనలు చేసేవాళ్లకు వండి పెట్టడానికి పంపారు కాబోలు అనుకుందామె. పేటంతా తిరిగి చెప్పుకుంది. ఆయన సెలవు మీద వచ్చేసరికి మెళ్లో దండ, భుజాల మీద శాలువా.

"ఒక అవ్వ అడిగింది, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చినావు నాయనా అని. బాప్తిస్మం యాడిదవ్వా, మూడు పూటలా మూడు నూర్ల మందికి పప్పన్నం పెట్టినా అంటి. దానికీ స్తోత్రం అనింది."

"అప్పుడే నిజం సెప్పుంటే పోయేది గదా!"

ఏసన్న పోపులో పచ్చిమిరపకాయలు వేసి, ఘాటుకు తల పక్కకు తిప్పుకున్నాడు. "మాయమ్మ నెమ్మదిగా నిద్రపోతాండె పాపా. కొడుకు తుపాకుల మధ్యన ఉండాడని తెలిస్తే ఆయమ్మ నిద్ర ఏం కావాల? అందుకే ఊరుకుంటి. అమ్మ పోయినాక సెప్దామనుకుంటి. ఆ పాటికి రాయి వేసేసినారు."

"ఏటా క్రిస్మస్‌కు శాలువా కూడా వస్తాండె గదా," అంది ఆయన భార్య మారెమ్మ, ఉల్లిపాయలు అందిస్తూ. "దేశంలో ఏ పాస్టరుకూ లేవు ఇన్ని శాలువాలు."

"మరి ఇప్పుడెందుకు చిన్నాయనా?" అని అడిగింది మంజుల.

గరిటె ఆగింది.

పోయిన నెల మంత్రాలయం బస్టాండులో ఆయనకు హులిగమ్మ కనిపించింది. దేవనకొండ నాగన్న చెల్లెలు. లంకలో నాగన్నా ఏసన్నా ఒకే పొయ్యి దగ్గర పనిచేశారు. నాగన్న తిరిగి రాలేదు. "మా మనవడు అడుగుతాండాడన్నా, తాత ఏ యుద్ధంలో పోయినాడని," అని చెప్పిందట హులిగమ్మ. "లంక యుద్ధమంటే, అది రాముడిది గదా అవ్వా అని నవ్వుతాండాడు."

"ఆ మాట ఇనినప్పట్నించి నాకు ఈ తప్పు రాయి కింద నిలబడేదానికి సిగ్గయితాంది," అన్నాడు ఏసన్న. "నేను ముప్పై శాలువాలు కప్పుకుంటి. వానికి ఒక అక్షరం ల్యా."

పోపులో బొరుగులు పోసి ఉగ్గాని కలపడం మొదలుపెట్టాక ఆయన గొంతు మళ్లీ తేలికయింది. వాళ్ల వంటపాక వెనక కంచె అవతల చెల్లమ్మ అని ఒక తమిళామె ఉండేది. నలభై ఏళ్లుంటాయి. మొదట్లో వీళ్లను చూస్తే తలుపు వేసుకునేది. ఒకరోజు ఆమె బొరుగులు చెరుగుతుంటే నాగన్న కంచె మీద పడి, "బొరుగులు! బొరుగులు!" అని కేకలు పెట్టాడు. ఆమె భయపడి రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత చేట ఎత్తి చూపించి, "పొరి?" అంది.

"పొరి! మన బొరుగులే! బొ మాత్రం పొ అయింది, అంతే," అని ఏసన్న పకపకా నవ్వాడు. "సేటెడు ఇచ్చింది. ఉగ్గాని సేసి ఒక గిన్నె కంచె మీంద ఇస్తి. తిని, కారం జాస్తయిందని నన్ను తిట్టింది. ఆ తిట్టు అరవంలో ఉన్నా నాకు బాగా తెలిసింది. నాగన్న అయితే ప్లేటు ముందర పెట్టుకుని, ఆదోని వాసన వస్తాందిరా అని కండ్లు తుడుసుకునె. ఆ పొద్దుట్నించి మా నీళ్లన్నీ ఆయమ్మ బావివే."

పదిహేను రోజుల తర్వాత ఆ చేట తిరిగిచ్చి వస్తానని నాగన్న వెళ్లాడు. బావి దగ్గర చెల్లమ్మ చేట అందుకుంటుండగా ఫిరంగి గుండు పడింది. ఇద్దరూ పోయారు.

"ఎవరి గుండు చిన్నాయనా?"

"తెలీదు. మాదో, ఎదుటోళ్లదో. ఈ పొద్దుకీ తెలీదు. సేట మాత్రం దొరకల్యా."

మంజుల రాసుకోవడం మానేసింది. ఏటా నవంబరులో ఒకరోజు ఏసన్న పేటంతటికీ ఉగ్గాని చేసి పెడతాడు. సేవ చేసి వచ్చినందుకు కృతజ్ఞత అనుకుని అందరూ తింటారు. ఆమె కూడా చిన్నప్పటి నుంచీ తింటూనే ఉంది. అది ఏ రోజో ఇప్పుడు తెలిసింది.

"ఆ ఇద్దరి పేర్లూ రాయిస్తావా?" అన్నాడాయన. అడగడంలో కాస్త భయం ఉంది.

"సంతోషమ్మత్త ఒప్పుకోవాల."

సంఘ పెద్ద సంతోషమ్మ గడపలోనే ఉంది. ఉగ్గాని వాసనకు వచ్చి, ఎప్పుడు నిలబడిందో, అంతా విన్నది. "మన సంఘం కానోళ్ల పేర్లు మన గోడ మీంద ఎట్లప్పా?"

"ఇన్నేండ్లు నాది కాని శాలువా నాకెట్ల కప్పినావక్కా? అన్నీ తిరిగిస్తా, రెండు పేర్లియ్యి."

"యాడ ఇచ్చేది! సగం దిండ్లలో కుక్కినా," అంది మారెమ్మ.

సంతోషమ్మ నవ్వలేదు. పీట మీద కూలబడింది. "అయితే ప్రతి ఆదివారం నా సేవకుణ్ని కాపాడు ప్రభువా అని నేను ఎవరి కోసం ప్రార్థన సేసినట్ల?"

"నా కోసమే అక్కా. పనిసేసింది గదా. తిరిగొచ్చినా."

ఆమె ప్లేటు కోసం చేయి చాపింది. "రాయేమన్నా సిన్నదా? రాయించు పాపా. సేవ అనేది కొట్టేసి సేన అని రాయి."

"కొట్టేయొద్దు!" ఏసన్న గరిటె పైకెత్తాడు. "శాంతి సేన అని రాసి, నాగన్న పేరు ముందర, నాది ఎనక. దాని కింద శాంతి సేవ అని రాసి, చెల్లమ్మ. ఆ మాట ఇన్నాళ్లూ నా దగ్గర ఉండె గానీ అది ఆయమ్మది."

మంజుల అలాగే రాసి, పైకి చదివి వినిపించింది. ఎమ్మిగనూరు బస్సుకు లేస్తుంటే మారెమ్మ ఉగ్గాని పొట్లం సంచిలో పెట్టింది. ఏసన్న వీధి మలుపు దాకా వెంట వచ్చాడు.

"దేవేంద్రప్పకు కాగితం ఇచ్చేసి వచ్చేవు! ఆడే కూసో. వాని రాత నా రాత మాదిరి ఉంటే మళ్లా నాకు శాలువా కప్పుతారు. నక్కలో న, వంకాయలో వ. రెండూ సెక్కిందాకా కదలొద్దు పాపా. చెల్లమ్మ పేరుకు మాత్రం ఉలి కొంచెం లోతుగా దించమను."